పేనుకొరుకుడు కాదేమో... చూసుకోండి!

ద్వారకా తిరుమలలోనో, అన్నవరంలోనో తలనీలాలు ఇచ్చి వస్తే కొద్ది నెలల్లో జుట్టు మళ్లీ మొలుస్తుంది. గుండు చేయించుకున్నా లోపల కుదురు భద్రంగానే ఉంటుంది కాబట్టి. కొన్ని జబ్బుల్లో మాత్రం ఆ కుదురే నాశనమవుతుంది. దాని స్థానంలో మచ్చ కడుతుంది. ఇక అక్కడ వెంట్రుక రాదు. దీన్నే వైద్యులు ‘స్కారింగ్ అలోపేషియా’ అంటారు.

మన గోదావరి జిల్లాల్లో తల మీద రూపాయి బిళ్లంత జుట్టు ఊడిందంటే చాలు, ‘పేనుకొరుకుడు’ అనేస్తారు పెద్దవాళ్లు. గురివింద గింజ అరగదీసి రాయడం, ఉల్లిపాయ రుద్దడం మొదలవుతుంది. నిజంగా పేనుకొరుకుడే అయితే చాలామందికి జుట్టు దానంతటదే వస్తుంది. పేరు గురివిందకు దక్కుతుంది! (అది విషపు గింజ. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.) మచ్చ కట్టే జబ్బయితే మాత్రం ఇలా గడిచిపోయే నెలల్లోనే కుదుళ్లు ఒక్కొక్కటీ పోతుంటాయి.

తేడా ఎలా తెలుస్తుంది?

ఊడిన చోటును మంచి వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీయించి, పెద్దది చేసి చూడండి. పేనుకొరుకుడులో వెంట్రుక రంధ్రాలు అలాగే ఉంటాయి. మచ్చ కడితే అవి మూసుకుపోయి చర్మం మెరుస్తుంటుంది. అంచుల్లో ఎరుపు, వెంట్రుకల మొదట్లో పొట్టు, మంట, నొప్పి, చీము పొక్కులు ఉంటే ఆలస్యం చేయొద్దు. కొందరికి ఏ బాధా ఉండదు, అదే చిక్కు.

‘లైకెన్ ప్లానోపైలారిస్’ మధ్యవయసు మహిళల్లో ఎక్కువ. అందులో ఒక రకాన్ని ఆస్ట్రేలియా వైద్యుడు కొస్సార్డ్ 1994లో మొదటిసారి వివరించారు. నెలసరి ఆగిన మహిళల్లో నుదుటి పైన జుట్టు అంచు మెల్లగా వెనక్కి జరుగుతుంది, కనుబొమలూ పలచబడతాయి. వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకునేది ఇక్కడే. ‘డిస్కాయిడ్ లూపస్’ ఎండకు ముదురుతుంది. చెవి గుంటలోనూ పొట్టు మచ్చలు కనిపించవచ్చు. చేల గట్లు, రొయ్యల చెరువుల మీద తిరిగేవాళ్లు టోపీ మరవకూడదు. పిల్లల తల మీద మెత్తటి చీముగడ్డలా లేచి, జుట్టు ఊడుతుంటే అది ఫంగస్ కావచ్చు. గడ్డనుకుని కోయించకండి. కొన్ని వారాలు నోటి మాత్రలు వాడాలి. ఆలస్యమైతే అక్కడా మచ్చే.

చికిత్స ఎంతవరకు?

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, సుమారు 4 మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి పరీక్షిస్తారు. నున్నటి నడిభాగం నుంచి కాదు, జబ్బు చురుగ్గా ఉన్న అంచు నుంచి తీస్తేనే ఫలితం తెలుస్తుంది. జబ్బును బట్టి స్టెరాయిడ్ లోషన్లు, మచ్చ అంచుల్లో ఇంజెక్షన్లు, డాక్సీసైక్లిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ వంటివి ఇస్తారు. చివరిది వాడేవాళ్లకు కంటి రెటీనా పరీక్షలు తప్పవు. ఇక్కడొక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. మచ్చ కట్టిన చోట మందులతో జుట్టు రాదు. ఉన్న జుట్టును నిలపడమే చికిత్స లక్ష్యం.

మరి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్? జబ్బు కనీసం ఏడాది, రెండేళ్లు నెమ్మదించాకే. చురుగ్గా ఉండగా నాటితే ఆ వెంట్రుకలూ పోతాయి. బయాప్సీ ఊసెత్తకుండా ప్యాకేజీ ధర చెప్పే చోట డబ్బు కట్టకండి.

కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ఎక్కడికెళ్లినా ఆ రోజు తలకు నూనె, రంగు పెట్టుకోకుండా వెళ్లండి. పాత పెళ్లి ఫొటోలు రెండు పట్టుకెళ్తే జుట్టు అంచు ఎంత జరిగిందో డాక్టరుకు ఇట్టే తెలుస్తుంది.