ఖాతా అద్దెకు ఇవ్వబడదు

దీపావళి అటూ ఇటూ కాగానే ఆదిలాబాదు మార్కెట్ యార్డుకు పత్తి రావడం మొదలవుతుంది. ట్రాక్టర్లు, వ్యాన్లు, అక్కడక్కడ ఎడ్లబండ్లు గేటు బయట బారులు తీరి నిలుస్తాయి. తేమ ఎంత, ధర ఎంత అన్న మాట తప్ప ఆ రోజుల్లో మరో మాట వినపడదు. ఏడాది పొడుగునా అప్పుతో నెట్టుకొచ్చిన ఇంటికి ఒక్కసారిగా డబ్బు కనిపించే కాలం అది. పూర్వం ఆ డబ్బు రుమాలు ముడిలో ఇంటికి చేరేది. ఇప్పుడు కాటన్ కార్పొరేషనువారు కొన్న పత్తికి సొమ్ము ఆధారుతో ముడిపెట్టిన బ్యాంకు ఖాతాలో పడుతుంది. జేబులోని ఫోను టింగుమని ఆ సంగతి చెబుతుంది. అదే ఫోనులోంచి ఆ డబ్బు బయటికి పోయే దారులు కూడా ఉన్నాయి. వాటిలో జూదం దారికి 2025లో ఒక తాళం పడింది. ఆ తాళం ఎలాంటిదో, దాని పక్కన తెరిచివున్న దొడ్డిదారి ఏదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

పత్తికీ జూదానికీ పాత చుట్టరికం ఉంది. సరిహద్దు అవతలి నుంచి మన జిల్లాలోకి పాకిన మట్కా పుట్టిందే పత్తి ధరల్లోంచి. న్యూయార్కు పత్తి ఎక్స్ఛేంజిలో ఉదయం ధర ఎంత పలికింది, సాయంత్రం ఎంతకు ముగిసింది అన్న అంకెలు ఆ రోజుల్లో టెలిప్రింటరు మీద బొంబాయికి వచ్చేవి. ఆ అంకెల మీద బొంబాయిలో పందాలు కాసేవారు. దానికి అంకడా జూదమని పేరు. 1961లో ఆ అంకెలు రావడం ఆగిపోయింది. జూదగాళ్లు దిగులుపడి ఊరుకున్నారా? లేదు. అంకెలు రాకపోతే మనమే పుట్టిద్దామన్నారు. 1962లో కల్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ నడిపిన ఆటలకు కుండలో చీట్లు వేసి తీసే పద్ధతి వల్ల మట్కా అన్న పేరు స్థిరపడింది. మట్కా అంటే హిందీలో కుండ. పత్తి పోయింది, కుండ మిగిలింది. ‘ఓపెన్’, ‘క్లోజ్’ అన్న మాటలు మాత్రం పత్తి బజారు జ్ఞాపకంగా ఇప్పటికీ మట్కా చీటీల మీద ఉన్నాయి.

ఈ ఆటలో లెక్క చిన్నది. పది అంకెల్లో ఒకటి కోరుకోవాలి. తగిలితే రూపాయికి తొమ్మిది. పదిమంది పది అంకెల మీద తలొక రూపాయి పెడితే కంపెనీకి పది వచ్చి తొమ్మిది పోతాయి. ఒక రూపాయి ఎవరు ఓడినా, ఎవరు గెలిచినా కంపెనీదే. ఇంటి పద్దు రాసే మన ఆడవాళ్లకు ఈ లెక్క అర నిమిషంలో అర్థమవుతుంది. ఆడేవాడికి జన్మంతా అర్థం కాదు.

అయితే ఇక్కడ డబ్బు ఎలా చేతులు మారేదో గమనించాలి. పాన్‌డబ్బా దగ్గరో, టీకొట్టు వెనకో ఒక మనిషి చీటీ రాసేవాడు. రొక్కం చేతికిస్తేనే చీటీ. ఎంత పిచ్చి ఉన్నా జేబులో ఉన్నంతవరకే ఆట. జేబు ఖాళీ అయితే ఇంటికి నడవాలి. ఆ నడకలో కొంచెమైనా బుద్ధి వచ్చేందుకు వ్యవధి ఉండేది. మట్కాను మెచ్చుకోవడానికి ఈ మాట అనడంలేదు. అది కూల్చిన సంసారాలు తక్కువేమీ కావు. ఫోను వచ్చాక పోయింది ఆ నడక అని చెప్పడానికి అంటున్నాను.

పాత చట్టాలు కూడా ఆ కాలానికి తగ్గట్టే ఉండేవి. వాటికి కావలసింది ఒక ఇల్లు. నిజాం ప్రభుత్వం 1305 ఫస్లీలో, అంటే 1895-96 ప్రాంతంలో, చేసిన హైదరాబాదు జూద చట్టం జూదగృహం గురించే మాట్లాడింది. దాని స్థానంలో వచ్చిన 1974 గేమింగు చట్టమూ అంతే. పోలీసులు వెళ్లాలి, తలుపు తట్టాలి, పేకముక్కలూ రొక్కమూ పట్టుకోవాలి. అలాగే 1963లో సికిందరాబాదులోని ఒక క్లబ్బు మీద దాడి చేసి రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకున్నారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పడిన ముక్కలు జ్ఞాపకం పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి రమ్మీలో నేర్పుదే పైచేయి అని 1967 నవంబరులో కోర్టువారు తీర్పు చెప్పారు. ఆ ఒక్క తీర్పును పునాదిగా చేసుకుని, దాదాపు యాభై ఏళ్ల తరువాత, రమ్మీ కంపెనీలు ఫోనుల్లో మేడలు కట్టాయి.

ఫోనులో ఆడేవాడికి ఇల్లు లేదు, తలుపు లేదు. చెరువుగట్టు మీద కూర్చున్నా ఆడవచ్చు; పెళ్లిపందిట్లో భోజనం బంతిలోనూ ఆడవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చి, సైబరు లోకాన్ని కూడా జూదగృహం కిందికి చేర్చింది. నేర్పు అన్న మినహాయింపు డబ్బు పెట్టి ఆడే రమ్మీకి వర్తించదన్నది. దేశంలో ఈ పని ముందుగా చేసిన రాష్ట్రాల్లో మనదొకటి. పేరున్న కంపెనీలు చోటు కనిపెట్టే సాధనం పెట్టి, ‘మీరున్న రాష్ట్రంలో ఆట లేదు’ అని చెప్పసాగాయి.

కాని ఆదిలాబాదుకు ఒక పక్క పెన్‌గంగ. వంతెన దాటితే మహారాష్ట్ర. అక్కడ డబ్బు పెట్టి ఆడే రమ్మీ, క్రికెట్టు ఊహాజట్టు కంపెనీలు 2025 దాకా బాహాటంగా వ్యాపారం చేశాయి. ఫోను అదే, మనిషి అదే, బ్యాంకు ఖాతా కూడా అదే. ఏటికి ఇవతల నేరం, అవతల వినోదం! వంతెన దాటే ఓపిక లేనివాళ్లకు ఫోనును మోసగించి మరోచోట ఉన్నట్టు చూపే ఉపాయాలు దొరికాయి. ఆటను రాష్ట్రం హద్దులో ఆపవచ్చునేమో గాని, డబ్బుకు హద్దు లేదు. 2016లో యూపీఐ వచ్చినప్పటి నుంచి అది రెప్పపాటులో దేశమంతా తిరిగి వస్తోంది.

ఇంతలో కేంద్రప్రభుత్వం మరొక వైపు నుంచి వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి ఆన్‌లైను ఆటల్లో నికరంగా గెలిచినదాని మీద 30 శాతం పన్ను మూలంలోనే కోసుకోమన్నారు. అదే ఏడు అక్టోబరు 1 నుంచి ఆటగాడు వేసే మొత్తం సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ అన్నారు. ఇంత పన్ను వేస్తే ఆట దానంతటదే తగ్గుతుందని కొందరు అనుకున్నారు. పన్ను కట్టే వ్యాపారమైంది కాబట్టి మర్యాదస్తుల వ్యాపారమే అని ఇంకొందరు మురిశారు. రెండూ జరగలేదు.

2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఒక బిల్లును ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకం అయింది. ఆన్‌లైను ఆటల ప్రోత్సాహ, నియంత్రణ చట్టమని దాని పేరు. నేర్పు ఆటా, అదృష్టం ఆటా అన్న పాత జగడాన్ని ఇది పక్కకు నెట్టింది. డబ్బు పెట్టి, డబ్బు ఆశించి ఆడే ఆన్‌లైను ఆట ఏదైనా నిషేధమే. ఈ ఆటల వల్ల 45 కోట్లమంది ఏటా 20 వేల కోట్ల రూపాయలకు పైగా పోగొట్టుకుంటున్నారని అప్పుడు ప్రభుత్వం తన అంచనా చెప్పింది. ఆట నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్లు, యాభై లక్షలు.

చట్టానికి ఆయువుపట్టు ఏడో సెక్షను. బ్యాంకుగాని, ఆర్థికసంస్థగాని, డబ్బు చెల్లింపుకు తోడ్పడే మరి ఏ వ్యక్తిగాని ఇలాంటి ఆటకు సొమ్ము చేరవేయరాదు. చేరవేస్తే ఆట నడిపినవాడికి పడే శిక్షే – మూడేళ్లు, కోటి. బెయిలు హక్కుగా దొరికే నేరమూ కాదు. జూదగాడి వెంటబడకుండా జూదగాడి సంచి మూతి బిగించాలన్నది ఇందులోని యుక్తి. బ్యాంకుల లెక్కల్లో ప్రతి వ్యాపారానికీ నాలుగంకెల గుర్తు ఒకటి ఉంటుంది. పందాలకూ క్యాసినోలకూ 7995. ఆ గుర్తున్న దుకాణానికి డబ్బు పోకుండా ఆపడం బ్యాంకుకు చిటికెలో పని. పెద్ద కంపెనీలు రోజుల్లోనే డబ్బు ఆటలు మూసేశాయి. కొందరు కోర్టుకెక్కారు, ఆ కేసులను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికే తెప్పించుకుంది.

తాళం సరైన చోటే పడిందని నా అభిప్రాయం. కాని అది వీధివాకిలి తాళం. బోర్డు కట్టి, పన్ను కట్టి, పేరు చెప్పి వ్యాపారం చేసినవాళ్లు ఆ వాకిలి గుండా వచ్చేవాళ్లు, వాళ్లు ఆగారు. కురసావ్ వంటి ఎక్కడి దీవులలోనో లైసెన్సు తీసుకుని నడిచే క్యాసినోలు, క్రికెట్టు పందాల యాప్‌లు ఆ వాకిలికి ఎప్పుడూ రాలేదు. లాటరీ టిక్కెట్లకూ, ఫుట్‌బాల్ పందాలకూ విదేశాలకు సొమ్ము పంపరాదని 2000 నాటి విదేశీమారక నియమాలే చెబుతున్నాయి. మరి వాళ్లకు మన డబ్బు ఎలా చేరుతుంది? ముందు ఆ డబ్బు ఇక్కడే, మనలాంటివాడి ఖాతాలోనే పడాలి. అందుకు వాళ్లకు మనుషులు కావాలి.

ఒక కుర్రవాణ్ణి ఊహించుకోండి. ఆదిలాబాదులో డిగ్రీ చదువుతున్నాడు. చెడ్డవాడు కాడు. హాస్టలు స్నేహితుడో, తెలిసిన అన్నో ఒకనాడు భుజం మీద చెయ్యి వేస్తాడు.

“తమ్మీ, నీ బ్యాంకు ఖాతా ఒక నెల ఇయ్యి. ఏటీఎం కార్డు, సిమ్ము ఇస్తే సాలు. ఊకెనే ఐదువేలు.”

“ఏం గాదా అన్నా?”

“ఏమైతది? పైసలు నీయి కాదు గదా! వస్తయి, పోతయి.”

వస్తాయి, పోతాయి, అక్షరాలా అదే జరుగుతుంది. యాప్‌లో ఆడేవాడికి చెల్లించమని ఒక క్యూఆర్ గుర్తు కనబడుతుంది. అది ఏ కంపెనీదీ కాదు, మన కుర్రవాడిది. ఎక్కడో కర్నూలులోనో కాన్పూరులోనో కూర్చున్నవాళ్లు ఐదువందలు, వెయ్యి, రెండువేలు పంపుతారు. గంటలో ఆ మొత్తం మరో అద్దె ఖాతాకు, అక్కణ్ణుంచి ఇంకొకదానికి పోతుంది. చివరికి క్రిప్టో నాణేలుగా మారి దేశం దాటుతుంది. రేపు ఆ క్యూఆర్ ఉండదు. మరొక కుర్రవాడి పేరు ఉంటుంది. బ్యాంకువాళ్లు ఇలాంటి వాటిని మ్యూల్ ఖాతాలంటారు. మ్యూల్ అంటే కంచరగాడిద. మూట ఎవరిదో దానికి తెలియదు, మోయడమే దాని పని.

ఆ మూటలో జూదం డబ్బు ఒక్కటే ఉండదు. ఉద్యోగం పేరుతో మోసపోయినవాళ్ల సొమ్ము, పోలీసులమని బెదిరించి గుంజిన సొమ్ము కూడా అదే ఖాతాలోంచి పారుతుంది. వాళ్లలో ఒకరు 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వగానే డబ్బు నడిచిన బాట వెంట ఖాతాలు స్తంభిస్తాయి. క్యాసినో యజమాని దీవిలో ఉంటాడు. పోలీసులకు మొదట దొరికే పేరు, చిరునామా, ఫొటో, వేలిముద్రలతో సహా, మన కుర్రవాడివే. స్కాలర్‌షిప్పు పడే ఖాతా అదే అయితే అదీ పోయినట్టే. తండ్రితో ఉమ్మడి ఖాతా అయితే పత్తి డబ్బుకు గండం. ఖాతా విడిపించుకోవడానికి ఎన్నడూ చూడని రాష్ట్రంలో, తెలియని భాషలో, ఠాణా మెట్లెక్కవలసి రావచ్చు. ‘పైసలు నావి కావు సార్’ అన్న జవాబు అక్కడ చెల్లదు. ఏడో సెక్షనులోని ‘మరి ఏ వ్యక్తిగాని’ అన్న మాటను నేను ఒకటికి రెండుసార్లు చదివాను. అది ఈ పిల్లవాడికి కూడా తగిలేట్టే ఉంది.

ఇక్కడొక వింత చూడండి. ఆడి పోగొట్టుకున్నవాణ్ణి కేంద్రచట్టం శిక్షించదు, బాధితుడిగానే చూస్తుంది. మన రాష్ట్రచట్టం కింద ఆడేవాడికి కూడా శిక్ష ఉంది, అది వేరే సంగతి. ఒక్క పందెమూ కాయకుండా ఖాతా ఇచ్చినవాడు మాత్రం ఆట నడిపినవాడి సరసన నిలబడే ప్రమాదంలో ఉన్నాడు.

అద్దె ఖాతాలను పసిగట్టడానికి రిజర్వుబ్యాంకు అనుబంధ సంస్థ ‘మ్యూల్ హంటర్’ అనే యంత్రబుద్ధిని తయారు చేసింది. 2024 డిసెంబరులో రిజర్వుబ్యాంకే దాన్ని వాడమని బ్యాంకులకు చెప్పింది. నెలకు నాలుగు జమలుండే ఖాతాలో రోజుకు నలభై జమలు పడి, సాయంత్రానికి నిల్వ సున్న అయితే అది పట్టేస్తుంది. దానికి యంత్రమే అక్కరలేదు, ఇంట్లో పాసుబుక్కు తిరగేసినా తెలుస్తుంది. ఎన్నడూ వినని పేర్లు, గుండ్రటి మొత్తాలు, అర్ధరాత్రి వేళలు, పడిన గంటకే ఖాళీ. ఇలాంటిది కంటబడితే కార్డు వెనక్కి తీసుకుని, సిమ్ము ఆపించి, ఆలస్యం చేయక బ్యాంకుకు రాసి ఇవ్వాలి. పోలీసులు వచ్చాక చెప్పడం వేరు, మనమే ముందు వెళ్లి చెప్పడం వేరు.

పత్తి రోజుల్లో ఆదిలాబాదు బ్యాంకుల్లో పాసుబుక్కు అచ్చువేసే యంత్రం ముందు పెద్ద వరస ఉంటుంది. తలపాగా చుట్టిన రైతులు పుస్తకం చేతబట్టుకుని ఓపికగా నిలబడతారు. అచ్చయి వచ్చిన పేజీలో అక్షరాలు ఇంగ్లీషువి, పొట్టివి, సగం చెరిగినవి. పుస్తకం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళతారు. రాత్రి భోజనాలయ్యాక దాన్ని తెరిచి, ఏ రోజు ఎంత పడిందో, ఎంత పోయిందో ఆ తండ్రికి చదివి వినిపించేది ఇంట్లో చదువుకున్న ఆ కొడుకే.