అత్తయ్యగారు మరచిపోనివి

కృత్తివెన్నులో మా అత్తయ్యగారికి పొద్దున టిఫిన్ తిన్నదీ గుర్తుండదు. కొత్తకోడలిగా చూసిన 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను మాత్రం పూసగుచ్చినట్టు చెబుతారు. ముగ్గుగిన్నె ఇస్తే చుక్క తప్పకుండా ముగ్గేస్తారు. "కావాలనే మరచిపోతున్నారా?" అని విసుక్కునేదాన్ని. తప్పు నాదే!

జ్ఞాపకాలన్నిటికీ మెదడులో ఒకే గూడు లేదు. నిన్న మొన్నటి సంగతులు నిలవాలంటే హిప్పోకాంపస్ అనే భాగం పనిచేయాలి. భయం వేసినప్పుడు అమిగ్డలా చురుకై ఆ జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. చేతికి అలవాటైన పనులకు బేసల్ గాంగ్లియా, చిన్నమెదడు తోడ్పడతాయి. అల్జీమర్స్ జబ్బులో తరచూ ముందుగా దెబ్బతినేది హిప్పోకాంపస్, దాని చుట్టుపక్కల భాగాలే. అందుకే కొత్తవి జారిపోయినా పాతవి చాలాకాలం నిలుస్తాయి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు అడిగిందే అడుగుతుంటే కసురుకోకండి. డాక్టరుకు చూపించండి. చేతనైన పని చేతికివ్వండి.