తరిమెన కెక్కిన తునికి చేవ

కోరుట్లలో బీడీలు చుట్టెడి యిండ్ల వాకిళ్లలో చేటనిండ కత్తిరించి పెట్టిన తునికాకును చూడనివారు లేరుగాని, ఆ చెట్టు ముదిరినప్పుడు దాని నడుమ బొగ్గువలె నల్లనైన చేవ యేర్పడునని యెరిగినవారు మిక్కిలి తక్కువ. నల్లచేవ మానుల కుటుంబమునకు చెందిన యీ వృక్షమునుండి లేతాకు సమృద్ధిగా రాబట్టుటకై వేసవికి ముందు తుప్పలను నరికి చిగిర్పింతురు గావున, ఆకు నిచ్చెడి తునికి చేవదేరునంతటి వయస్సునకు చేరుట యరుదు. తరిమెనపై కొయ్యకలములు చేయు ముచ్చట గలవారు ఇంతటి దారువును ఇంటిముంగిట నుంచుకొని దూరదేశపు కర్రలకై వెదకుట నాకు వింతగా దోచును.

జగిత్యాల జిల్లా నొరసికొని పారెడి గోదావరి దిగువన, రాజమండ్రిలో, గాంధీజీ స్వదేశీ బోధచే ప్రేరితులై కె.వి. రత్నం గారు 1932లో కలముల నిర్మాణమునకు పూనుకొనిరి. వారి కలము నందుకొని గాంధీజీ సంతోషముతో 1935లో లేఖ వ్రాసిరి. ఆ రత్నం పెన్నుల కడ్డీ కొయ్య కాదు, ఎబొనైటు: రబ్బరును గంధకముతో గలిపి వేడిచే గట్టిపరచిన పదార్థము, నల్లచేవకు బదులుగా వాడుకకు వచ్చినది. సిరా తగిలినను అది ఉబ్బదు, పగులదు. కొయ్యకు ఆ గుణము లేదు గనుకనే నేటి కొయ్యకలమునకు లోపల ఇత్తడి గొట్టము నమర్చి, అందు రీఫిల్లు నిలుపుదురు.

పని చూచుటకు సులభమే. చతురస్రపు కర్రతుండుకు నిలువున రంధ్రము తొలిచి, గొట్టమును జిగురుతో నతికించి, కొనలు చదునుచేసి, ఇరుసుకు గ్రుచ్చి తిప్పుచు ఉలి నానింపవలెను. తునికి పగులుట సాధారణముగా ఉలిచే గాదు, రంధ్రము వేయునప్పటి వేడిమిచే; బర్మాను మాటిమాటికి వెలికిదీసి, పొట్టు దులిపి, చల్లారనిచ్చువాడే ఆ కర్రకు తగినవాడు. నునుపుదేరిన తునికికి రంగు పూయుట నా దృష్టిలో అపచారము. కొంచెము మైనము చాలును.

జగిత్యాల మామిడితోపుల కర్ర యింత పట్టుదల చూపదు. కాపు తగ్గి నరికిన మానులు పెట్టెలకును పొయ్యిలకును పోవుచున్నవిగాని, వానకు తడిసి బూజు పట్టిన తుండులలో నల్లని సన్నగీతలు పాకి, ఏ చిత్రకారుడును గీయజాలని రేఖలు వెలయును. అట్టిదానిని బాగుగ ఆరబెట్టి, మెత్తబడని భాగమునే యెన్నుకొనవలెను.

సిరిసిల్లలో మరియొక సంపద కలదు. మరమగ్గములలో నరిగి మూలబడిన నాడెలు ఏండ్ల తరబడి యెండిన గట్టికర్రలు. ఉక్కుమొనలు పెరికివేసిన పిమ్మట, నడిమిభాగము కండె నిముడ్చుటకై తొలిచి యుండును గావున, ఇరుకొనలయందలి తుండులే కలమునకు అక్కరకు వచ్చును. పొట్టిగా నున్నను, రెండు ముక్కల కలమునకు అవి సరిపోవును.

క్రొత్తగా ఉలి పట్టినవాడు మామిడితో చేయి సవరించుకొని, నాడెకర్రపై కొంతకాలము సాధన చేసిన తరువాతనే తునికిని తరిమెన కెక్కింపవలెను. దాని సన్నని దుమ్ము ముక్కునకును గొంతునకును బాధ కలిగించును గనుక మూతికి గుడ్డ కట్టుకొనుట మరువరాదు.