మన ఇంట్లో నిద్ర కరువైంది ఎవరికి?



వేసవి సెలవుల్లో మా అబ్బాయి నా ఫోన్‌లో ఒక యాప్ వేశాడు. "డాడీ, పడుకునేటప్పుడు దీన్ని దిండు పక్కన పెట్టుకోండి. ఎంతసేపు నిద్రపోయారో, ఎన్నిసార్లు లేచారో పొద్దున చెప్తుంది" అన్నాడు. కుటుంబ ప్రార్థనలో కునికిపాట్లు పడే తండ్రిని చూసి వాడికి జాలి కలిగి ఉంటుంది.

మొదటి ఉదయం నూటికి 58 మార్కులు వచ్చాయి. గురక ఎక్కువగా ఉందని, నాలుగుసార్లు మెలకువ వచ్చిందని చూపించింది. లేచినట్టు నాకు జ్ఞాపకమే లేదు. రెండో రోజు 61. మూడో రోజు పరీక్షకు వెళ్లే పిల్లవాడిలా భయపడుతూ పడుకున్నాను. ఆ రాత్రి నిజంగానే నిద్ర పట్టలేదు. వారం తిరిగేసరికి, బైబిలు తెరవకముందే ఫోన్ తెరిచి మార్కులు చూసుకునే స్థితికి వచ్చాను. ఇది సిగ్గుతో ఒప్పుకుంటున్న మాట.

ఫోన్ ఎలా లెక్కిస్తుంది?

నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే ఒక దశ ఉందని 1953లో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించారు. స్పష్టమైన కలలు ఎక్కువగా ఆ దశలోనే వస్తాయి. తేలిక నిద్ర, గాఢ నిద్ర, కలల నిద్ర కలిపి సుమారు గంటన్నరకు ఒక చుట్టు. రాత్రికి ఇటువంటివి నాలుగైదు. వీటిని సరిగా కనిపెట్టాలంటే తలకు తీగలు అమర్చి మెదడు తరంగాలను, కళ్ల కదలికను, శ్వాసను నమోదు చేయాలి. ఆసుపత్రుల్లో చేసే స్లీప్ స్టడీ అదే.

దిండు పక్కన పెట్టిన ఫోన్‌కు ఆ తీగలు లేవు. పరుపు కదలికను, గదిలోని శబ్దాన్ని బట్టి అది అంచనా వేస్తుంది. చేతి వాచీ అయితే నాడిని కూడా గమనిస్తుంది. ఎన్ని గంటలకు పడుకున్నాం, ఎన్ని గంటలకు లేచాం అనేది ఇవి దాదాపుగా చెప్పగలవు. గాఢ నిద్ర ఎన్ని నిమిషాలన్నది మాత్రం ఊహే. కదలకుండా మేలుకొని ఉన్నా నిద్రే అనుకుంటాయి. మార్కుల కోసం ఆరాటపడి ఉన్న నిద్ర పోగొట్టుకునేవారిని చూసి 2017లో అమెరికా పరిశోధకులు ఆ బాధకు 'ఆర్థోసోమ్నియా' అని పేరు కూడా పెట్టారు.

ఆ నాలుగు మెలకువలు

ఒక ఉదయం టీ తాగుతూ, "నాలుగుసార్లు లేచానట, నాకేమో గుర్తే లేదు" అన్నాను. నా భార్య నవ్వి, "లేచింది మీరు కాదు, నేను" అంది.

ఒకే పరుపు గనుక ఆమె కదలికలు నా లెక్కలో పడ్డాయి. రాత్రి మా అమ్మను బాత్రూముకు తీసుకెళ్లడానికి ఒకసారి. తెల్లవారుజామున నల్లా నీళ్లు పట్టడానికి ఒకసారి. మిగిలిన రెండు? "మీ గురక ఉన్నట్టుండి ఆగిపోతది. భయమేసి చెయ్యి పెట్టి చూస్తా. మళ్లీ ఊపిరి అందుకున్నాక పడుకుంటా."

పెద్దవారికి రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులు అంటారు. ఆమె పదకొండున్నరకు పడుకొని నాలుగున్నరకు లేస్తుంది. ఆ 5 గంటల్లోనే ఈ నాలుగు మెలకువలు. నా నిద్ర గురించి ఇల్లంతా మాట్లాడుకున్నాం. ఆమె నిద్ర గురించి ఎవరమూ అడగలేదు. దేవుడు తన ప్రియులకు విశ్రాంతినిచ్చేవాడని 127వ కీర్తన మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. నా ఇంట్లో ఆ ఈవికి అడ్డుగా ఉన్నది నేనే.

ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లాం. గురక మధ్య ఊపిరి ఆగడం నవ్వులాట కాదనీ, స్లీప్ ఆప్నియా కావచ్చనీ, నిర్లక్ష్యం చేస్తే రక్తపోటు, గుండె జబ్బులకు దారితీస్తుందనీ చెప్పారు. స్లీప్ స్టడీలో అదే తేలింది. ఇప్పుడు చికిత్స జరుగుతున్నది. యాప్ చేసిన మేలు ఏదైనా ఉంటే అది మా ఇద్దరి చేత ఆ మాట పలికించడమే.

మా ఇంట్లో చేసిన మార్పులు

1. యాప్‌ను రెండు వారాలు అద్దంలా వాడుకొని తీసేశాం. అద్దం ముఖాన్ని చూపుతుంది, కడగదు.

2. రాత్రి 10 దాటితే ఫోన్లు హాల్లోనే. సంఘం వాట్సాప్ గ్రూపు ఉదయం చూస్తాను. అత్యవసరమైతే ఫోన్ చేయమని విశ్వాసులకు చెప్పాను.

3. సాయంత్రం 4 తర్వాత టీ లేదు. తాగిన కెఫీన్‌లో సగం దాదాపు 5 గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

4. అమ్మ పనికి ఒక రాత్రి నేను, ఒక రాత్రి అబ్బాయి లేస్తున్నాం. నల్లా నీళ్ల పని నాది.

కాజీపేటలో రాత్రి డ్యూటీ చేసే రైల్వే సోదరులు, ఎం.జి.ఎం. ఆసుపత్రిలో రాత్రంతా మేలుకొనే నర్సు సహోదరీలు మన సంఘాల్లో ఉన్నారు. వారికి పగలే రాత్రి. ఆ వేళ వారి గది తలుపు తట్టకుండా ఉండడం కూడా ప్రేమే. మన కూటముల మైకు శబ్దం గురించి కూడా మనం ఆలోచించుకోవాలి.

సొమ్మసిల్లిన ఏలీయా చావును కోరుకున్నప్పుడు దేవుడు అతనిని గద్దించలేదు. మొదట నిద్రపోనిచ్చాడు, దూత చేత భోజనం పెట్టించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు (1 రాజులు 19). ప్రశ్న అడిగింది ఆ తర్వాతే. అలసినవారికి మొదట కావలసింది బోధ కాదని అక్కడ నేర్చుకున్నాను.

ప్రియ పాఠకులారా, ఈ రాత్రి మీ ఇంట్లో చివరగా లైటు ఆర్పేది ఎవరో, రేపు అందరికంటే ముందు లేచేది ఎవరో గమనించండి. దానికి ఏ యాప్ అక్కరలేదు. కునుకని దేవుడు మన ఇండ్లను కాయుచుండగా, ఒకరి భారం ఒకరు మోసుకొని అందరమూ నెమ్మదిగా నిద్రించే కృపను ఆయన మనకు దయచేయును గాక. ఆమేన్.