ఇంటర్నెట్ వేగం – కొలిచేదెలా?

కూరగాయల కొట్లో తక్కెడ ముల్లు మీద ఓ కన్నేసి ఉంచడం మనందరికీ అలవాటే. పెట్రోలు బంకులో మీటరు సున్నా దగ్గరుందో లేదో చూడనిదే డబ్బులివ్వం. కాని నెలనెలా వందలు పోసి కొనుక్కునే ఇంటర్నెట్ విషయంలో మాత్రం "ఇవాళ నెట్ స్లోగా ఉందండీ" అనుకుని ఊరుకుంటాం. ఎంత స్లో? ఎక్కడ స్లో? ఈ రెండు ప్రశ్నలకూ ఇంట్లో కూర్చునే జవాబు రాబట్టవచ్చు. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పుకునే నాకు కొలతలంటే కాస్త మక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

బిట్లూ, బైట్లూ

కంపెనీ వారు ప్రకటనలో 100 ఎం.బి.పి.ఎస్. అంటారు. అవి మెగాబిట్లు. ఫైలు దిగేటప్పుడు మన కంప్యూటరు చూపించేవి సాధారణంగా మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 100 మెగాబిట్ల కనెక్షన్ సెకనుకు ఇవ్వగలిగింది 12.5 మెగాబైట్లే. 1000 మెగాబైట్ల సినిమా దిగాలంటే ఎంత తొందరపడినా 80 సెకన్లు పడుతుంది. "వంద అని చెప్పి పన్నెండే ఇస్తున్నాడు" అని కేబుల్ కుర్రాడి మీద కేకలేసే ముందు ఈ భాగహారం చేసి చూడాలి.

అలాగే "బ్రాడ్‌బ్యాండ్" అన్న మాట చూసి మురిసిపోవలసిందేమీ లేదు. మన దేశంలో 2004 నాటి విధానం ప్రకారం 256 కిలోబిట్లుంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. 2013లో దాన్ని 512 కిలోబిట్లు చేశారు. 2023లో 2 మెగాబిట్లకు పెంచారు. అంతకు మించి ఎంత వస్తుందన్నది మనం చూసుకోవలసిందే.

పరీక్షలో జరిగేదేమిటి?

2006 నుంచీ ఉన్న స్పీడ్‌టెస్ట్, నెట్‌ఫ్లిక్స్ వారు 2016లో పెట్టిన ఫాస్ట్ డాట్ కామ్ వంటివి ఇందుకు పనికొస్తాయి. మీట నొక్కగానే అది ఒక సర్వరుతో ఒకేసారి అనేక కనెక్షన్లు కలిపి, కొన్ని సెకన్లపాటు సమాచారాన్ని కుమ్మరించి, సెకనుకు ఎన్ని బిట్లు చేరాయో లెక్కగడుతుంది. సర్వరు మారితే అంకె కూడా మారవచ్చు. ఇంకో సంగతి: 100 మెగాబిట్ల వేగంతో పది సెకన్లు పరీక్షిస్తే 125 మెగాబైట్లు ఖర్చవుతాయి. రోజువారీ డేటా ప్యాకు మీద నడిచే హాస్టలు మిత్రులు గమనించాలి!

ఫలితంలో మూడు అంకెలుంటాయి. డౌన్‌లోడ్ అంటే మనకు వచ్చేది. అప్‌లోడ్ అంటే మననుంచి వెళ్ళేది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో మన ముఖమూ, గొంతూ అవతలివారికి చేరేది దీని మీదే. మూడవది పింగ్ – ఒక చిన్న సందేశం వెళ్ళి రావడానికి పట్టే కాలం, మిల్లీసెకన్లలో. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కాలిఫోర్నియా మనకు సుమారు 14 వేల కిలోమీటర్లు. రానుపోను 140 మిల్లీసెకన్లు ఎలాగూ తప్పవు. అక్కడున్న మన పూర్వవిద్యార్థులతో మాట్లాడేటప్పుడు ఇద్దరి మాటలూ ఢీకొనడానికి ఇదొక కారణం. ఎంత ఖరీదైన ప్లాను కొన్నా దూరం తగ్గదు గదా!

ఎక్కడ తగ్గుతోంది?

అసలు విషయం ఇదే. డెల్టాలో పొలమున్నవారికి చెప్పనక్కర్లేదు – తూము దగ్గర నీళ్ళు ఎంత వదిలినా, చివరి భూములకు ఎంత చేరిందన్నదే లెక్క. మధ్యలో కాలువ ఎక్కడ పూడిందో కనిపెట్టాలి. మన పరీక్ష కూడా సర్వరు నుంచి చేతిలోని ఫోను దాకా ఉన్న దారి మొత్తాన్ని కొలుస్తుంది. ఒక్క అంకె చూసి తప్పు ఎవరిదో తేల్చలేం.

మా వీధిలో ఒక విద్యార్థిని ఉద్యోగం ఇంటర్వ్యూలో గొంతు తెగి తెగి వినిపించిందట. రెండవ ఇంటర్వ్యూ మూడు రోజుల్లో ఉంది. తండ్రి రెట్టింపు ఖరీదు ప్లానుకు డబ్బు కట్టబోతుంటే "ఒక్క గంట ఆగండి" అన్నాను. వాళ్ళది 100 మెగాబిట్ల ప్లాను. ల్యాప్‌టాపును వైరుతో రూటరుకు తగిలిస్తే 94 వచ్చింది. అదే గదిలో వైఫై మీద 81. అమ్మాయి చదువుకునే చివరి గదిలో 6! రూటరు ఇనుప బీరువా వెనకాల ఉంది, మధ్యన రెండు గోడలు. కంపెనీ ఇవ్వవలసింది ఇస్తూనే ఉంది, ఇంట్లోనే ఇంకిపోతోంది. రూటరును బీరువా వెనకనుంచి తీసి హాల్లో ఎత్తున పెడితే ఆ గదిలో 40 దాటింది. వీడియో మాటలకు అందులో పదో వంతు చాలు. ప్లాను మార్చలేదు.

కొలిచే పద్ధతి

మొదట వైరుతో కొలవండి. ఇంట్లో మిగతా ఫోన్లూ, టీవీ ఆ కాసేపు నెట్ వాడకుండా చూడండి. తరువాత రూటరున్న గదిలో, ఆ పైన చివరి గదిలో. ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి, నాలుగు రోజులు. తేదీ, వేళ, గది, మూడు అంకెలూ కాగితం మీద రాసుకోండి.

వైరు మీద బాగుండి గదుల్లో తగ్గితే తప్పు వైఫైది. 2.4 గిగాహెర్ట్‌జ్ గోడలు దాటుతుంది గాని నిదానం. మైక్రోవేవ్ పొయ్యి కూడా దానికి అడ్డొస్తుంది. 5 గిగాహెర్ట్‌జ్ వేగమైనదే, దూరం పోలేదు. 200 ప్లాను తీసుకున్నా వైరు మీద ఎప్పుడూ 94, 95 దగ్గరే ఆగుతుంటే రూటరు పోర్టునో, కేబులునో అనుమానించాలి. పాత పోర్టుల పరిమితి 100. గిగాబిట్ వేగానికి కేబుల్లోని నాలుగు జతల తీగలూ పనిచెయ్యాలి, 100కి రెండు జతలు చాలు. ఉదయం బాగుండి రాత్రి మాత్రమే పడిపోతే, వీధిలో పలు ఇళ్ళు పంచుకునే లైను మీద రద్దీ అయివుండవచ్చు. వైరు మీద అన్ని వేళలా తక్కువే ఉంటే, డేటా పరిమితి దాటలేదని చూసుకుని, కాగితం పట్టుకుని కంపెనీ వారిని నిలదీయండి.

"స్లోగా ఉందండీ" అంటే "రీస్టార్ట్ చెయ్యండి" అంటారు. "నాలుగు రోజులుగా, వైరు మీద, రాత్రి తొమ్మిదికి 100కి 18 వస్తోంది" అంటే మాత్రం మనిషిని పంపక తప్పదు.