స్థూలకాయం: నడుము కొలత చెప్పే సంగతి

కొంచెం ఒళ్ళు చేయడాన్ని మన ఇళ్ళలో చాలాకాలం సుఖజీవనానికి గుర్తుగానే భావించారు. పండుగకు వచ్చిన కూతురు చిక్కిపోతే తల్లి కంటతడి పెడుతుంది, లావెక్కితే సంతోషిస్తుంది. అయితే స్థూలకాయం వలన కలిగే కీడును మన పూర్వులు ఎరుగరని చెప్పలేము. చరక సంహిత సూత్రస్థానం నింద్యమని పేర్కొన్న ఎనిమిది విధాల దేహాలలో అతిస్థూలం ఒకటి, అతికృశం మరొకటి. ఈ రెండింటిలో స్థూలత్వమే అధిక బాధాకరమని ఆ గ్రంథం అభిప్రాయం.

కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగించగా వచ్చే సంఖ్యను బి.ఎం.ఐ. అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ ప్రమాణం ప్రకారం అది 30కి చేరితే స్థూలకాయం. మన దేశ వైద్యులు మాత్రం భారతీయులకు 23 నుండి అధిక బరువుగాను, 25 నుండి స్థూలకాయంగాను పరిగణిస్తున్నారు. అదే బి.ఎం.ఐ. గల ఐరోపావాసితో పోల్చితే మన దేహంలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కూడా పొట్టలో, కాలేయం చుట్టూ పేరుకుంటుంది. అక్కడి నుండి కొవ్వు ఆమ్లాలు కాలేయానికి చేరి, ఇన్సులిన్ పనితీరును మందగింపజేస్తాయి. మధుమేహానికి, రక్తపోటుకు, గుండెజబ్బుకు దారి అక్కడే పడుతుంది. కావున చేతులు, కాళ్ళు సన్నగా ఉండి పొట్ట మాత్రమే ముందుకు వచ్చినవారు తమకేమీ లేదని నిశ్చింతగా ఉండరాదు.

చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు నడుమ, ఊపిరి వదలిన పిమ్మట టేపుతో కొలవాలి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే హెచ్చరికగా గ్రహించాలి. మన చీర, పంచె నడుముతో పాటు సర్దుకుపోయే వస్త్రాలు. ప్యాంటు వలె బిగుతై ముందుగా చెప్పవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో మూడవ వంతుకు మించి, తెలంగాణలో సుమారు 30 శాతం మంది బి.ఎం.ఐ. 25 లేదా అంతకు మించి ఉన్నవారే.

లావుగా ఉన్నవారిని తిండిపోతులని, సోమరులని ఎగతాళి చేయడం అన్యాయం. వంశపారంపర్యం, నిద్రలేమి, థైరాయిడ్ లోపం, స్టెరాయిడ్ల వంటి కొన్ని మందులు కూడా బరువును పెంచుతాయి. పైగా తిండి ఒక్కసారిగా మానితే దేహం దానిని కరవుగా భావించి ఆకలిని పెంచుతుంది, శక్తి వ్యయాన్ని తగ్గిస్తుంది. నెలలో ఎనిమిది కిలోలు తగ్గినవారు ఏడాది తిరగకుండానే యథాస్థితికి రావడానికి కారణమిదే. వారానికి అరకిలో తగ్గడం మేలు. ఉన్న బరువులో 5 నుండి 10 శాతం తగ్గినా రక్తపోటులో, చక్కెరలో మార్పు కనబడుతుంది.

ఒక పెద్ద చెంచా, అనగా 15 మిల్లీలీటర్ల నూనెలో సుమారు 120 కేలరీలుంటాయి. అరగంట నడకకు ఖర్చయ్యేది ఇంచుమించు అంతే! నడక అవసరమే, కండను నిలుపుతుంది, ఇన్సులిన్‌కు తోడ్పడుతుంది. కాని బరువు తగ్గడం వంటింటి నుండే మొదలుకావాలి. కూర్చుని పనిచేసే పురుషునికి రోజుకు 25 గ్రాములు, స్త్రీకి 20 గ్రాముల నూనె, నెయ్యి చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011 నాటి మార్గదర్శకాలు సూచించాయి. ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులున్న ఇంటికి నెలకు మూడు లీటర్లన్నమాట. ఇంటి సరుకుల చీటీతో సరిచూసుకోండి.

ఏకాదశినాటి ఫలహారం సంగతి కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. పగలంతా నిరాహారంగా ఉండి, రాత్రి నేతి ఉప్మా, సగ్గుబియ్యం వడలు కడుపునిండా తింటే మామూలు భోజనాన్ని మించిపోతుంది. సగ్గుబియ్యంలో దాదాపు అంతా పిండిపదార్థమే. పండ్లు, మజ్జిగ, ఉడికించిన చిలగడదుంప ముక్కలతో సరిపెట్టుకొనడం ఉపవాసానికీ తగినదే. తక్కిన దినాలలో ముందు కూర, పప్పు వడ్డించుకొని, మిగిలిన చోట అన్నం పెట్టుకుంటే దాని పరిమాణం తనంతట తానే తగ్గుతుంది. ప్రసాదం కాదనవలసిన పనిలేదు. అది దోసెడు కాదు, పిడికెడు అయితే చాలు.

ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే మాత్రలు గాని వాడేవారు ఉపవాసానికి ముందు తమ వైద్యుని తప్పక సంప్రదించాలి. మందు వేసుకొని ఆహారం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. వణుకు, చెమటలు, తలతిప్పు కనబడిన వెంటనే చక్కెర నీళ్ళు త్రాగాలి. ఆనాటి ఉపవాసం అంతటితో విరమించాలి.