అపొస్తలుల ప్రకటనలో యుగాంత దృక్పథం: ఒంగోలు కరువు ప్రాంతం నుండి ఒక పరిశీలన

తెలుగు క్రైస్తవులమైన మనం "ప్రకటన" అనే మాటను రెండు అర్థాలలో వాడుతున్నాం. సువార్తను చాటడం ప్రకటన. బైబిలులోని చివరి గ్రంథం కూడా ప్రకటనే. గ్రీకులో ఇవి వేర్వేరు పదాలు. మొదటిది కేరుగ్మా, అనగా చాటింపు. రెండవది అపొకాలుప్సిస్, అనగా ముసుగు తీసి చూపడం. ఆది సంఘ బోధలో ఈ రెండూ ఎలా కలిసి ఉన్నాయో, ఆ కలయిక మన ప్రసంగ వేదికకు ఏమి నేర్పుతుందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

యూదా నేపథ్యం

దానియేలు గ్రంథం క్రీ.పూ. 167-164 మధ్య, అంతియొకస్ ఎపిఫానెస్ హింసాకాలంలో, ప్రస్తుత రూపం పొందిందని అధిక సంఖ్యాక పండితుల అభిప్రాయం. ఇటువంటి సాహిత్యం కాలాన్ని రెండు యుగాలుగా చూస్తుంది: దుష్టత్వం ఏలుతున్న ఈ యుగం, దేవుడు ఏలబోయే రాబోవు యుగం. మృతుల పునరుత్థానం, తీర్పు రెండవ యుగానికి చెందినవి (దానియేలు 12:2).

అపొస్తలులు చాటిన వార్తలోని కొత్తదనం ఇక్కడే ఉంది. అందరికీ చివరి దినాన జరగవలసినది యేసు విషయంలో ముందే జరిగిందని వారు చెప్పారు. అందుకే పౌలు ఆయనను ప్రథమఫలంగా వర్ణించాడు (1 కొరింథీ 15:20). మిరప చేలో తొలి కాయ ఎరుపెక్కితే కోత దగ్గరపడిందని మన రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. సుమారు క్రీ.శ. 50లో రాసిన 1 థెస్సలొనీక పత్రికలో బోధ సారాంశం సజీవుడైన దేవునివైపు తిరగడం, ఆయన కుమారుని రాకకై ఎదురుచూడడం (1:9-10). గ్రీకు మాట్లాడే కొరింథు సంఘానికి రాస్తూ పౌలు "మారనాథ" అనే అరామిక్ మాటను అలాగే ఉంచాడు (1 కొరింథీ 16:22). అంటే ఈ ఎదురుచూపు పౌలు సంఘాలకంటే ముందుది. క్రైస్తవ వేదాంతానికి యుగాంత దృక్పథమే తల్లి అని ఎర్నెస్ట్ కేజెమన్ 1960లో వాదించినది ఇందుకే.

ఒంగోలు అనుభవం

1876-78 నాటి మహా కరువులో మన ప్రాంత ప్రజలకు యుగాంతం పుస్తకంలోని మాట కాదు. పోతులూరి వీరబ్రహ్మం పేరున ప్రచారంలో ఉన్న కాలజ్ఞానం వారికి ముందే తెలుసు. ఆ రోజుల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. కాలువ గట్టున బోధకులు ముఖ్యంగా ఎత్తుకున్న వాక్యం మత్తయి 11:28. ప్రయాసపడి భారం మోస్తున్నవారికి యేసు ఇచ్చిన పిలుపు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని క్లౌ కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ తీరాన వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ వాక్యం యుగాంత బోధకు దూరమైనదా? పై వచనాలు చూడండి. జ్ఞానులకు మరుగైనది పసిబాలురకు బయలుపరచబడిందని యేసు తండ్రిని స్తుతిస్తున్నాడు (11:25). అక్కడి గ్రీకు క్రియ అపొకాలుప్సిస్‌కు మూలమైన క్రియయే. ఊరి వెలుపలి మాదిగపల్లెల వారికి కాలువ గట్టున ముసుగు తీయబడింది. కరువు దేవుని చివరి మాట కాదని వారు విన్నారు.

నేటి బోధకునికి

తుఫాను గాని, 2004 నాటి సునామీ గాని వచ్చినప్పుడల్లా గుర్తులు లెక్కించే ప్రసంగాలు మనం వింటూనే ఉన్నాం. ఆ దినమును, ఆ గడియను కుమారుడే ఎరుగడని మార్కు 13:32 చెబుతుండగా మనం లెక్క కట్టనేల? పౌలు రాకడను గూర్చి రాసినది ఒకరినొకరు ఆదరించుకొనుటకే (1 థెస్స. 4:18). అదే అధ్యాయంలో చేతులతో పనిచేయుమనీ చెప్పాడు (4:11).

పత్తి, మిరప సాగులో అప్పులపాలై ప్రాణం తీసుకున్న కౌలు రైతు ఇంటికి కాపరి వెళ్ళవలసి వస్తుంది. అక్కడ భయపెట్టే లెక్కలు పనికిరావు. అప్పుకూ మరణానికీ పైచేయి ఉన్న ఈ యుగం గతించిపోతున్నదనీ, ప్రథమఫలం ఇప్పటికే చేతికి వచ్చిందనీ ఆ కుటుంబానికి చెప్పాలి. చెప్పి, వారి భారంలో ఒక చేయి వేయాలి. అపొస్తలుల ప్రకటన అటువంటిది.